అప్పు చేసి అద్దె ఇల్లు కొనాలంటే ముందు వేయాల్సిన లెక్క

విజయనగరంలో ఉద్యోగులు, చిరువ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

పెద్దలకీ, అమ్మలకీ, తమ్ముళ్ళకీ నమస్కారం.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి కొన్ని వెంచర్లు, మూలపేట పోర్టు పేరు చెప్పి కొన్ని, ఎచ్చెర్ల యూనివర్సిటీ పక్కనంటూ మరికొన్ని. రోజూ మీకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఈ పూట నేను ఖాళీ స్థలాల గురించి మాట్లాడను. స్థలం నెలనెలా ఏమీ ఇవ్వదు. పైగా దానికి ఖాళీ స్థలం పన్ను కట్టాలి, ఎవరూ ఆక్రమించకుండా కాపాడుకోవాలి, లోను తీసి కొంటే అందులో ఇల్లు కట్టేదాకా వడ్డీకి పన్ను మినహాయింపు కూడా రాదు. ధర పెరిగితేనే లాభం. ఎప్పుడు పెరుగుతుందో మన చేతిలో లేదు. జీతం మీదో చిన్న దుకాణం మీదో బతికేవాళ్ళు మొదటి పెట్టుబడిగా అద్దె వచ్చే ఇంటినే చూడాలని నా అభిప్రాయం. అయితే అందులోనూ లెక్క వేయకుండా దిగితే ఇరవై ఏళ్ళు మోయాల్సి వస్తుంది. అందుకే ముందు లెక్క.

ఊరి మధ్యలో రెండు పడకగదుల ఫ్లాటు 35 లక్షలు అనుకుందాం. మీ వీధిలో ధర వేరే ఉండవచ్చు, మీ అంకెలు వేసుకోండి, పద్ధతి ఇదే. బ్యాంకు 80 శాతం ఇస్తే లోను 28 లక్షలు. మీ చేతి నుంచి 7 లక్షలు. అక్కడితో అయిపోయిందనుకోవద్దు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 35 లక్షల మీద అది 2 లక్షల 62 వేల 500. ఈ డబ్బుకి బ్యాంకు లోను ఇవ్వదు. మధ్యవర్తి కమీషను, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, లాయరు ఫీజు, సున్నాలు, కుళాయి మరమ్మతులు కలుపుకుంటే చేతిలో పదిన్నర లక్షలు లేకుండా ఈ ఫ్లాటు జోలికి వెళ్ళకూడదు.

ఇక నెల లెక్క. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, 20 ఏళ్ళ గడువుకి, లక్షకి 868 రూపాయల ఈఎంఐ, అంటే నెలవారీ కంతు, పడుతుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ఎక్కడ కూర్చున్నా లెక్క వేసుకోవచ్చు. 28 లక్షలకి 24,300. అద్దె నెలకి 10,500 వస్తుందనుకుందాం. ఏడాదికి పన్నెండు నెలల అద్దె వేసుకోవద్దు, పదకొండు నెలలే వేయండి. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు సున్నాలు వేయించాలి, బోర్డు పెట్టాలి, ఒక నెల పోతుంది. పదకొండు నెలలకి 1,15,500. అందులో ఇంటి పన్ను, ఏటా ఏదో ఒక మరమ్మతు, బీమా తీసేస్తే చేతికి లక్ష మిగులుతుంది. నెలకి ఎనిమిది వేల చిల్లర. అంటే ప్రతి నెలా సుమారు 16,000 మీ జీతంలోంచి వేసుకోవాలి.

‘అద్దెతో ఈఎంఐ కట్టేయొచ్చు’ అని అమ్మేవాళ్ళు చెప్పే మాట ఇక్కడే తేలిపోతుంది. అప్పు ఎక్కువ, సొంత డబ్బు తక్కువ అయినప్పుడు మన ఊళ్ళలో ఫ్లాటు అద్దె ఈఎంఐకి దరిదాపుల్లోకి కూడా రాదు. అదే ఫ్లాటుకి సగం డబ్బు మీరే పెట్టి 17.5 లక్షలే లోను తీసుకుంటే ఈఎంఐ 15,200, నెలకి లోటు ఏడు వేల లోపు. ఆ లోటు మీ ఇంటి ఖర్చుల తర్వాత మిగిలే డబ్బులోంచి సులువుగా వస్తుందా, ఆరు నెలలు ఇల్లు ఖాళీగా ఉన్నా కట్టగలరా? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు అవును అయితేనే ముందుకి వెళ్ళండి. ఆరు నెలల ఈఎంఐ బ్యాంకులో విడిగా వేసి ఉంచి, దాన్ని ముట్టుకోకూడదు.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. మీకు ఇప్పటికే సొంత డాబా ఉంది. పైన వెయ్యి చదరపు అడుగుల మేడ వేసి రెండు వాటాలు చేస్తారు. అడుగుకి 2,000 చొప్పున 20 లక్షలు. 6 లక్షలు మీవి, 14 లక్షలు లోను. ఈఎంఐ 12,150. వాటాకి 6,500 చొప్పున నెలకి 13,000 అద్దె. పదకొండు నెలలకి 1,43,000, ఖర్చులకి 20 వేలు తీసేస్తే నెలకి 10,250. లోటు రెండు వేలు కూడా లేదు. మూడు నాలుగేళ్ళలో అద్దె కొంచెం పెరిగితే అది కూడా పూడిపోతుంది. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఫ్లాటు ధరలో స్థలం ధర, బిల్డరు లాభం, రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ ఉంటాయి. మేడకి కట్టుబడి ఖర్చొక్కటే. దాసన్నపేటలోనైనా, బాబామెట్టలోనైనా, శ్రీకాకుళంలో బలగ, అరసవల్లి వైపైనా సొంత డాబా ఉన్నవాళ్ళు ఫ్లాటు కోసం వెతికే ముందు తమ ఇంటి కప్పు మీదకెక్కి చూడాలి.

కానీ మేడ వేయడానికి రెండు అడ్డంకులున్నాయి. మొదటిది పునాది. పాత ఇళ్ళు చాలా వరకు స్తంభాలు లేకుండా గోడల మీదే శ్లాబు వేసినవి. వాటి మీద ఇంకో అంతస్తు వేయాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి, ఒక మూల తవ్వించి, పునాది ఎంత వెడల్పు ఉందో, ఎంత లోతు దిగిందో, కింద ఏ మట్టి ఉందో చూసి చెప్పాలి. మేస్త్రి మాట ఇందుకు చాలదు. స్తంభాలున్నా, ముందుముందు మేడ వేద్దామని పైకి వదిలేసిన చువ్వలు చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళు మనవి. పదేళ్ళు బయట ఉన్న చువ్వ తుప్పుపట్టి సన్నబడిపోతుంది. తుప్పు గీసేసి, మిగిలిన మందం కొలిచి, అది చాలకపోతే కాంక్రీటు కొంత కొట్టి లోపలి మంచి చువ్వ దొరికేదాకా వెళ్ళాలి. కొత్త చువ్వని పాతదానికి జతచేసేటప్పుడు చువ్వ మందానికి యాభై రెట్లు పొడవు కలవాలని లెక్క, అంటే 12 ఎంఎం చువ్వకి రెండడుగులు. అడుగు పొడవు కలిపి కట్టేసి వెళ్ళిపోతే, ఆ స్తంభం నమ్మదగ్గది కాదు.

రెండో అడ్డంకి కుటుంబంలోనే ఉంటుంది. స్థలం నాన్నగారి పేరున ఉంది, మీ డబ్బుతో మీరు మేడ వేశారు. మేడ మీదేనని చూపించే కాగితం లేకపోతే అది స్థలంతో పాటే పోయే ప్రమాదం ఉంది. రేపు వీలునామా లేకుండా ఆయన వెళ్ళిపోతే అక్కచెల్లెళ్ళకీ అన్నదమ్ములకీ దాన్లో వాటా వస్తుంది. బ్యాంకు కూడా స్థలం యజమానిని రుణగ్రహీతగా కలవమంటుంది. అలాంటి కాగితం లేకపోతే వడ్డీకి పన్ను మినహాయింపు అడిగేటప్పుడూ చిక్కు రావచ్చు. అందుకే ఇటుక వేయకముందే భాగపంపకాల దస్తావేజో, సెటిల్‌మెంటు దస్తావేజో రిజిస్టరు చేయించుకోండి. కుటుంబసభ్యుల మధ్య రాసుకుంటే స్టాంపు డ్యూటీ అమ్మకం కంటే తక్కువే పడుతుంది. తర్వాత జరిగే గొడవతో పోలిస్తే ఆ ఖర్చు ఏపాటిది!

బ్యాంకు దగ్గరికి వద్దాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం గృహ రుణం 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షలైతే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వవచ్చు. అది పరిమితి మాత్రమే. మీకు అంత ఇస్తారని కాదు. మీ చేతికొచ్చే జీతంలో, పాత లోన్ల కంతులతో కలిపి, సగానికి మించి కంతులు ఉండకుండా చూస్తారు. బండి లోను, బంగారం లోను, క్రెడిట్ కార్డు కంతులు ముందే తీర్చేస్తే మీ అర్హత పెరుగుతుంది. పాత అప్పులు ఎలా కట్టారో చూసి ఇచ్చే మార్కు, అంటే సిబిల్ స్కోరు, 750 దాటితే వడ్డీ రేటు దగ్గర బేరమాడవచ్చు. దుకాణదారులకైతే రెండు మూడేళ్ళ ఇన్‌కంటాక్స్ రిటర్నులే జీతం కాగితం లాంటివి. రిటర్నుల్లో ఆదాయం తక్కువ చూపించి లోను ఎక్కువ అడిగితే రాదు.

ఇక్కడ మన ఊళ్ళలో తరచూ జరిగే ఒక పొరపాటు చెప్పాలి. బేరం 35 లక్షలు, దస్తావేజులో రాసేది ప్రభుత్వ విలువ ప్రకారం 22 లక్షలు, మిగతా 13 నగదు. బ్యాంకు దస్తావేజులో రాసిన విలువనీ, తన వాల్యూయరు ఇచ్చిన విలువనీ చూసి, తక్కువదాని మీద లోను లెక్కకడుతుంది. అప్పుడు మీ లోను 17 లక్షల దగ్గర ఆగిపోతుంది, మిగతాదంతా మీ చేతి డబ్బే అవుతుంది. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 22 లక్షలే అని లెక్క, మిగిలిన 13 మీద కూడా లాభం పన్ను మీరే కట్టాలి. స్టాంపు డ్యూటీలో మిగిలిన లక్ష కోసం ఇంత చేయడం నాకు బొత్తిగా నచ్చని పని. అసలు ధరే రాయండి, చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో చెల్లించండి. ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే కొనేవాళ్ళే అందులోంచి 1 శాతం పన్ను (టీడీఎస్) కోసి ప్రభుత్వానికి కట్టాలన్న సంగతి కూడా మరచిపోవద్దు.

కట్టుబడికి లోను ఒకేసారి రాదు. పునాది, శ్లాబు, గోడలు, పైపూత, ఇలా దశలవారీగా ఇంజినీరు చూసి వెళ్ళాక విడుదల చేస్తారు. మొదటి విడత రావాలంటే మీ వాటా డబ్బు ముందు ఖర్చు అయి కనబడాలి. విడతకీ విడతకీ మధ్య కూలీలకి ఇవ్వడానికి చేతిలో రెండు లక్షలైనా లేకపోతే పని ఆగుతుంది, వానలు పడితే ఇంకా ఆగుతుంది. మన దగ్గర కుటుంబాలు ఇళ్ళు మారేది ఎక్కువగా మే, జూన్‌లలో, పిల్లల బడులు తెరిచే ముందు. కాబట్టి ఏప్రిల్ చివరికల్లా వాటాలు సిద్ధమయ్యేలా పని మొదలుపెట్టండి. ఆగస్టులో పూర్తయిన ఇంటికి మంచి కుటుంబం దొరకడానికి నెలలు పట్టవచ్చు.

వడ్డీ రెపో రేటుతో, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వేసే వడ్డీతో, ముడిపడి మారుతుంటుంది. రేటు పెరిగినప్పుడు బ్యాంకు మీ కంతు పెంచకుండా గడువు పెంచేసే అలవాటు ఉంది. కంతు పెంచాలా, గడువు పెంచాలా అన్న ఎంపిక మీకివ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. బ్రాంచికి వెళ్ళి కంతు పెంచమని రాసివ్వండి, వీలైతే. మారే వడ్డీ ఉన్న గృహ రుణాన్ని ముందే తీర్చినా వ్యక్తులకి జరిమానా లేదు. ఏడాదికి ఒక కంతు అదనంగా కడితే 20 ఏళ్ళ లోను పదహారున్నర ఏళ్ళకే తీరుతుంది.

ఇప్పుడు కాగితాలు. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఈ జిల్లాల భూముల చరిత్ర వేరు. ఇవి జమీందారీ ఎస్టేటు ఊళ్ళు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంటు జరిగి రైత్వారీలోకి, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే పద్ధతిలోకి, వచ్చాయి. కాబట్టి ఊరి శివారు స్థలమైతే తహసీల్దారు ఆఫీసులో సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే అప్పుడు సర్వే నంబర్ల వారీగా రాసిన భూముల రిజిస్టరు, చూడకుండా కొనవద్దు. అందులో ఆ సర్వే నంబరు ఎదురుగా పోరంబోకు, చెరువు గర్భం, దేవుడి ఇనాం అని ఉంటే, తర్వాత ఎన్ని దస్తావేజులు పుట్టినా మూలం చెడ్డదే. సింహాచలం దేవస్థానానికీ, ఇతర ఆలయాలకీ, ట్రస్టులకీ ఈ ప్రాంతంలో చాలా భూములున్నాయి. అలాంటివీ, ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూములూ రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధించిన జాబితాలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో సర్వే నంబరు కొట్టి మీరే చూడవచ్చు. పార్వతీపురం మన్యం జిల్లా ఏజెన్సీ గ్రామాల్లో అయితే గిరిజనేతరులు కొనడానికే వీల్లేదు, 1970 నాటి భూబదలాయింపు నిబంధన అది. ఎవరు చవగ్గా ఇస్తామన్నా సరే.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, 1983 నుంచి ఆన్‌లైన్‌లో వస్తుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడిగి తీయించాలి. ముప్ఫై ఏళ్ళ లింకు దస్తావేజులు ఒకదాని తర్వాత ఒకటి పేర్లు, హద్దులు, గజాలు కలుస్తూ రావాలి. ఒక సెంటు అంటే 48.4 గజాలు. దస్తావేజులో సెంట్లు, ప్లానులో గజాలు ఉంటే మార్చి సరిచూసుకోండి, చాలా తేడాలు అక్కడే బయటపడతాయి. ఈసీలో కనబడనివి కొన్ని ఉంటాయి: రిజిస్టరు కాని అమ్మకపు ఒప్పందం, కోర్టు కేసు, వారసుల హక్కు. తాతల ఆస్తి అయితే ఆడపిల్లల సంతకాలు తప్పనిసరిగా తీసుకోండి. ‘పెళ్ళిళ్ళు చేసి పంపేశాం, వాళ్ళకేటి హక్కు’ అని అమ్మేవాళ్ళు చెబుతారు. హిందూ వారసత్వ చట్టానికి 2005 సవరణ తర్వాత, 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ మాటకి విలువ లేదు. జీపీఏ, అంటే యజమాని ఇంకొకరికి రాసిచ్చిన అధికార పత్రం, దాని మీద జరిగే అమ్మకం హక్కు ఇవ్వదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పంచాయతీల్లో గ్రామకంఠం, అంటే ఊరి నివాస స్థలంలోని ఇళ్ళకి దస్తావేజుల వరస ఉండదు గనక చాలా బ్యాంకులు వెనకాడతాయి. బయానా ఇవ్వకముందే మేనేజరుని అడగండి.

కట్టిన ఇల్లు కొంటున్నప్పుడు మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను కాపీ పట్టుకుని అంతస్తులు లెక్కపెట్టండి. రెండంతస్తులకి అనుమతి తీసుకుని మూడోది వేసేసినవి ప్రతి వీధిలో ఉన్నాయి. ఆ మూడో అంతస్తులో ఫ్లాటుకి లోను రాదు, కూల్చమని నోటీసు వస్తే అడిగేవాడుండడు. కొత్త అపార్టుమెంటు అయితే, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఇచ్చిన నంబరు ఉండాలి. నివాసానికి సిద్ధమని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఫ్లాటుకి జీఎస్టీ లేదు, కడుతూండగా కొంటే మామూలుగా 5 శాతం. అపార్టుమెంటు మొత్తం స్థలంలో మీ వాటాకి వచ్చే అవిభాజ్య (విడదీయని) స్థలం ఎన్ని గజాలో దస్తావేజులో రాయించుకోండి. ముప్ఫై ఏళ్ళ తర్వాత మిగిలే విలువ ఆ గజాలదే. బ్యాంకు లాయరు చూశాడు కదా అని ఊరుకోవద్దు. ఆయన చూసేది బ్యాంకు కోసం. మీకోసం ఒక లాయరుని పెట్టుకోండి.

అద్దెకి ఎవరొస్తారన్నది చోటుని బట్టి ఉంటుంది. పైడిభీమవరం వైపు మందుల కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ళు, ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకుంటారు. ఆసుపత్రులు, కాలేజీల చుట్టూ నర్సులు, లెక్చరర్లు. ఊరి మధ్యలో టీచర్లు, ఉద్యోగుల కుటుంబాలు. వచ్చేవాళ్ళని బట్టి వాటాలు చేయండి. వాళ్ళు ముందు అడిగేది నీళ్ళు. తర్వాత బండి పెట్టుకునే చోటు, విడిగా బాత్రూము, విడిగా మీటరు. రెండు వాటాలకి ఒకే మీటరు ఉంటే యూనిట్లు పై శ్లాబులోకి వెళ్ళి బిల్లు పెరుగుతుంది, పంచుకునే దగ్గర గొడవ వస్తుంది. వాటాకో మీటరు మొదటిరోజే వేయించండి. ఖాళీ చేసేవాళ్ళు బిల్లు కట్టకుండా పోతే ఆ బకాయి కనెక్షను మీదే ఉంటుంది కాబట్టి అడ్వాన్సు తిరిగిచ్చే ముందు చివరి రీడింగు తీయించాలి.

పదకొండు నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు. వేరే రాష్ట్రాల్లో అది నిజమే. మన రాష్ట్రంలో 1999 సవరణతో ఎంత కాలానికి లీజు ఇచ్చినా రిజిస్టరు చేయాలి. చేయని కాగితంలోని షరతులు కోర్టులో నిలబడవు. దుకాణం గదులు అద్దెకిచ్చేవాళ్ళు దీన్ని మరీ గట్టిగా పట్టించుకోవాలి.

పన్ను సంగతి క్లుప్తంగా. వచ్చిన అద్దెలోంచి ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద తీసేస్తారు, బిల్లులు అడగరు. ఆపైన వడ్డీ తీసేస్తారు. మన 35 లక్షల ఫ్లాటుకి ఇలా మిగిలేది 78 వేలు, మొదటి ఏడాది వడ్డీ సుమారు 2 లక్షల 36 వేలు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళు ఈ లక్షా 58 వేల నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు, ఏడాదికి 2 లక్షల వరకు. కొత్త విధానంలోనూ వడ్డీ తీసేశాక ఈ అద్దె మీద పన్ను పడదు గానీ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు. పన్ను ఆదా అవుతుందని చెప్పి ఎవరైనా ఇల్లు అంటగడుతుంటే మీరు ఏ విధానంలో ఉన్నారో ముందు చూసుకోండి.

బీమా గురించి చెప్పి ముగిస్తాను. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన మీదుగానే వెళ్ళాయి. 2021 ఏప్రిల్ నుంచి ప్రతి సాధారణ బీమా కంపెనీ దగ్గరా భారత్ గృహ రక్షా అనే ఒకే రకం పాలసీ ఉంది. తుపాను, వరద, అగ్నిప్రమాదం అన్నీ అందులోకి వస్తాయి. బీమా మొత్తం మళ్ళీ కట్టడానికయ్యే ఖర్చుకి తీసుకోవాలి, స్థలం విలువ కలపక్కర్లేదు. లోనుతో పాటు బ్యాంకువాళ్ళు అంటగట్టే పాలసీ మీ ప్రాణానికా, ఇంటికా అని అడిగి తెలుసుకోండి. ప్రాణానికైతే ఇంటికి వేరుగా తీసుకోవాలి.

లోను తీరిన రోజున అసలు దస్తావేజుల కోసం రాసివ్వండి. 30 రోజుల్లో తిరిగివ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు చెల్లించాలని నిబంధన ఉంది. కాగితాలు చేతికొచ్చాక తనఖా రద్దు కూడా రిజిస్టరు చేయించి, నెల తర్వాత కొత్త ఈసీ తీయించి, అందులో బ్యాంకు పేరు ఎదుట రద్దు అయినట్టు పడిందో లేదో చూసుకోండి.